పెరట్లో పెళ్లి: మీ సందేహాలు, మా జవాబులు

ఇంటి దగ్గర పెళ్లి చేసే ఆలోచన ఉన్నవాళ్లు సందేహాలు రాయండని పోయిన సంచికలో అడిగాం. నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి చాలా ఉత్తరాలు వచ్చాయి. సగానికి పైగా పూల డెకరేషన్ గురించే. వాటిని ఇంకో సంచికకు దాచాం. పూలు తగ్గితే ఫొటోలు కాస్త బోసిగా వస్తాయి, అంతే. నీళ్లు అయిపోతే బంతి మధ్యలో వడ్డన ఆగిపోతుంది. అందుకే ముందు నేల, నీడ, నీళ్లు, కరెంటు, వంట.

ప్రశ్న: మా పెరడు 50 అడుగుల పొడవు, 45 అడుగుల వెడల్పు. ఒక మూల వేపచెట్టు, గోడవారన మునగచెట్టు ఉన్నాయి. వైశాఖంలో అమ్మాయి పెళ్లి. ముహూర్తం ఉదయం 9.40కి. 120 మందిని అనుకుంటున్నాం. మండపం, భోజనాలు, వంట అన్నిటికీ ఈ తావు సరిపోతుందా? షామియానా వేయించాలా, తాటాకు పందిరా? – ఒక తల్లి, కావలి

మండపానికి, భోజనాలకు సరిపోతుందమ్మా. వంట మాత్రం అక్కడ పెట్టకండి. లెక్క చూడండి. మీ పెరడు 2,250 చదరపు అడుగులు. మండపం 12 అడుగులకు 12 చాలు, అయితే చుట్టూ తిరగడానికి, ఫొటోగ్రాఫర్లకు కలిపి 20కి 18 వదలాలి. 120 మంది ఒకేసారి కుర్చీల్లో కూర్చోరు. కొందరు వసారాలో ఉంటారు, పిలకాయలు అసలు కూర్చోరు. 80 కుర్చీలు వేయించండి. నడవ దారితో కలిపి కుర్చీకి 6 చదరపు అడుగుల చొప్పున 480 అవుతుంది.

భోజనాల వరస ఇంకొంచెం జాగ్రత్తగా కొలవాలి. సప్లయి కంపెనీ వాళ్లిచ్చే బల్ల 6 అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, దానికి ముగ్గురు. ఏడేసి బల్లలు రెండు వరసలుగా ఎదురెదురుగా వేసి, మధ్యలో వడ్డించేవాళ్లకు 4 అడుగులు వదిలి, కుర్చీలు బయటివైపు పెట్టిస్తే మొత్తం 42 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు పడుతుంది. బంతికి 42 మంది. ఆకు వేసింది మొదలు తీసి తుడిచేదాకా 35 నిమిషాలు వేసుకోండి. మూడు బంతుల్లో, గంటా ముప్పావులో 120 మందీ లేస్తారు. మధ్యదారి 3 అడుగులకు తగ్గిస్తే ఎదురుపడిన ఇద్దరు వడ్డనవాళ్లలో ఒకరు వెనక్కి నడవాలి, సాంబారు బకెట్టు ఎవరో ఒకరి వీపు మీద ఒలుకుతుంది. ఆ ఒక్క అడుగు దగ్గర పీనాసితనం వద్దు.

వంటకు 20 అడుగులకు 15 అడుగుల జాగా, అదీ పందిరికి కనీసం 25 అడుగుల దూరంలో కావాలి. మీ పెరట్లో ఆ దూరం దొరకదు. పక్కింటివాళ్ల ఖాళీ స్థలమో, ఇంటి పక్క సందో చూసుకోండి. వంట దగ్గర పైన రేకులే ఉండాలి. గాడిపొయ్యి మీద తాటాకు కప్పు వేసినా, షామియానా గుడ్డ కట్టినా ఒక్క రవ్వ చాలు.

ఇక పందిరి. వైశాఖపు ఎండకు తాటాకో కొబ్బరాకో వేయించండి. పాలిస్టరు గుడ్డ ఎండను పీల్చి ఆ వేడిని మళ్లీ కిందికే వదులుతుంది. ఆకుల మధ్య గాలి ఆడుతుంది కాబట్టి తాటాకు కింద ఆ సెగ ఉండదు. గుడ్డే వేయక తప్పదంటే 12 అడుగుల ఎత్తులో కట్టించి, అంచుల దగ్గర వేడిగాలి పోవడానికి ఖాళీ వదలమనండి. గుంజలకు సరుగుడు కర్రలు దొరుకుతాయి. పదేసి అడుగులకు ఒక గుంజ పాతాలి. గట్టి నేలలో గుంత 2 అడుగులు చాలు. కావలి వైపు ఇసుక పాలు ఎక్కువ ఉన్న నేలలో రెండున్నర అడుగులు తవ్వి, గుంజ చుట్టూ ఇటుక ముక్కలు వేసి గడ్డపార మొనతో దట్టించాలి. ఇసుకను కాలితో తొక్కి వదిలేస్తే పడమటి గాలి ఒక్కసారి గట్టిగా కొట్టగానే గుంజ వాలుతుంది. పాత ఆకు తెస్తే కప్పే ముందు ప్రతి మట్టనూ నేలకేసి విదిలించాలి, తేళ్లుంటాయి.

చాలామంది మరిచేది ఏటవాలు ఎండ. పందిరి చూరు 10 అడుగుల ఎత్తులో ఉంటే, మే నెలలో ఉదయం 7 గంటలకు ఎండ తూర్పు నుంచి 30 అడుగుల లోపలిదాకా దూరుతుంది. గౌరీపూజ వేళకు పెళ్లికూతురి ముఖం మీదే పడుతుంది. 9.40కి అది 7 అడుగులకు తగ్గుతుంది. అంటే ముహూర్తానికి ఇబ్బంది లేదు, అంతకుముందు రెండు గంటలే ఇబ్బంది. తూర్పువైపు నిలువుగా ఒక తడికో పరదానో కట్టించి, తొమ్మిది తర్వాత గాలి కోసం తీసేయించండి.

వేపచెట్టు ఉండనివ్వండి. మునగచెట్టును పెళ్లికి మూడు వారాల ముందే కొట్టించండి. గొంగళి పురుగులు ఎక్కువగా వానల తర్వాతే వస్తాయి కానీ, ఒకసారి కాండం చుట్టూ చూసుకోండి. వాటి నూగు గాలికి వచ్చి పట్టుచీరల మీద పడితే దురద సాయంత్రానికి కూడా తగ్గదు.

ప్రశ్న: మాది నల్లరేగడి నేల. కార్తీకంలో ముహూర్తం కుదిరింది. వాన పడితే ఏం చేయాలి? – కందుకూరు పాఠకుడు

పడితే అనుకోకండి, పడుతుందనే లెక్కలో పెట్టుకోండి. మన రెండు జిల్లాలకూ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల కాలం, తుపాన్ల కాలం. 2023లో మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది డిసెంబరు 5న, సరిగ్గా పెళ్లిళ్ల రోజుల్లోనే. ఆమాటకొస్తే 2010లో లైలా తుపాను మే 20న వచ్చింది. కాబట్టి వేసవి ముహూర్తాలవాళ్లు కూడా పూర్తిగా నిబ్బరంగా ఉండటానికి లేదు. తేదీ ఇంకా కుదరనివాళ్లకు మా మాట మాఘం, ఫాల్గుణం. వానలు వెనకబడతాయి, ఎండ ముదరదు. మాఘంలో రాత్రి ముహూర్తమైతే మంచుకు కుర్చీలు తడుస్తాయి, నాలుగు పొడి తువ్వాళ్లు దగ్గర పెట్టుకుంటే సరి.

మీ విషయంలో మొదటి పని నేల. నల్లరేగడి తడిస్తే చెప్పులు ఊడిపోతాయి, గుంజలు వదులవుతాయి. పెళ్లికి 20 రోజుల ముందే గ్రావెల్ తోలించండి. 30 అడుగులకు 40 అడుగుల జాగాలో 3 అంగుళాల మందం వేయాలంటే 300 ఘనపుటడుగులు, అంటే సుమారు మూడు ట్రాక్టర్లు. పరిచాక నీళ్లు కొట్టి రోలరుతోనో దిమ్మిసతోనో అణిచి, వాలు ఇంటివైపు కాకుండా వీధి కాలువ వైపు పెట్టించాలి. ముందురోజు తోలిస్తే అది అణగదు. కుర్చీ కాళ్లు దిగబడి పెద్దవాళ్లు పడతారు.

రెండోది కప్పు. మామూలు షామియానా వానకు ఆగదు. దానిపైన టార్పాలిన్ కప్పేవాళ్లు వాలు పెట్టకుండా బల్లపరుపుగా కట్టేస్తారు. ప్రమాదమంతా అక్కడే. 10 అడుగులకు 10 అడుగుల చోట ఒక్క అంగుళం నీరు నిలిస్తే బరువు దాదాపు 235 కిలోలు. గుడ్డ కాస్త కుంగుతుంది, ఆ కుంగినచోటికి ఇంకా నీరు చేరుతుంది, చివరికి తాడో పైపో తెగి మొత్తం ఒకేసారి దిగుతుంది. 10 అడుగులకు కనీసం 2 అడుగుల వాలు అడగండి. మధ్యలో ఎత్తు గుంజ, రెండుపక్కలా జారుడు ఉండాలి. రేకుల పందిరి దొరికితే ఇంకా మంచిది, తాళ్లు వదిలేసి బోల్టులతో బిగించమనండి. తాటాకు పందిరి ఎండను ఆపుతుంది గానీ చదునుగా కప్పినప్పుడు వానను ఆపదు.

మూడోది, మాంగల్యధారణ ఇంట్లో ఎక్కడ జరపవచ్చో ముందే అనుకోండి. హాల్లో 10 అడుగులకు 8 అడుగులు ఖాళీ చేయగలిగితే పీటలు, హోమగుండం లోపలికి మార్చడానికి పది నిమిషాలు పడుతుంది. ఇత్తడి హోమగుండమైతే చేత్తో ఎత్తి తీసుకుపోవచ్చు, ఇటుకలతో కట్టింది కదలదు. లోపల ఫ్యాను ఆపి కిటికీలు తెరవడం మరవద్దు.

ప్రశ్న: 120 మందికి వంట సరుకులు ఎంతెంత తేవాలి? వంట మాస్టరు రాసిచ్చిన లిస్టు చూస్తే 200 మందికి రాసినట్టుంది. మా బోరు నీళ్లు బాగా ఉప్పగా, గట్టిగా ఉంటాయి. – కనిగిరి నుంచి ఒక అక్క

సరుకు తక్కువైందన్న మాట పడటం ఏ మాస్టరుకూ ఇష్టం ఉండదు, అందుకని పైచేయిగా రాస్తారు. ఒక మధ్యాహ్న భోజనానికి, ఆకులో పది పన్నెండు రకాలు ఉన్నప్పుడు, మా లెక్క ఇది. అన్నానికి 16 కిలోల బియ్యం, పులిహోరకు విడిగా 4 కిలోలు. ముద్దపప్పుకో మామిడికాయ పప్పుకో కందిపప్పు 4 కిలోలు, సాంబారుకు రెండున్నర. గుత్తొంకాయకు వంకాయలు 10 కిలోలు, వేపుడుకు బెండకాయో దొండకాయో 12 కిలోలు, వేగితే అవి సగానికి సగం కుంగుతాయి కదా. గోంగూర పచ్చడి తయారయ్యాక రెండున్నర కిలోలు ఉండాలి. పెరుగుకు పాలు 15 లీటర్లు. అన్నంలోకి నెయ్యి కిలోన్నర. అప్పడాలు 150. అరిటాకులు 140, చిరిగినవి పోను.

బొబ్బట్లు పెట్టేట్టయితే కిలో శనగపప్పు, కిలో బెల్లం, కిలో మైదాకు సుమారు 45 వస్తాయి. 150 కావాలంటే మూడున్నర కిలోల చొప్పున. పప్పు పలుకు మీద ఉండగానే వార్చాలి. మెత్తగా ఉడికిపోతే పూర్ణం జారుతుంది, దాన్ని గట్టిపరచడానికి పొయ్యి మీద తిప్పుతూ పోతే బెల్లం పాకం ముదిరి మర్నాటికి బొబ్బట్టు రాయవుతుంది.

బియ్యం పాతవి, కనీసం ఏడాది నిలవ ఉన్న బీపీటీ రకం తీసుకోండి. కొత్త బియ్యం పెద్ద గుండిగలో అడుగున ముద్దయి పైన పలుకవుతాయి. పులిహోరకు కిలో బియ్యానికి 100 గ్రాముల చింతపండు. అన్నం వార్చి వెడల్పాటి బేసిన్లలోనో శుభ్రమైన గుడ్డ మీదనో ఆరబోసి, పూర్తిగా చల్లారాకే పులుసు కలపాలి. వేడిమీద కలిపి మూతపెట్టిన పులిహోర రెండు గంటల్లో నీరు వదిలి వాసన వేస్తుంది.

ఇప్పుడు మీ బోరు సంగతి. కనిగిరి వైపు భూగర్భజలంలో ఫ్లోరైడ్ ఉందన్నది మీకు తెలిసిందే, కాబట్టి తాగడానికి, వంటకు ఆ నీళ్లు వద్దు. పైగా గట్టి నీళ్లలో కందిపప్పు ఉడకదు. నీళ్లలోని కాల్షియం పప్పును మెత్తబడనివ్వదు. గంటన్నర మంటపెట్టినా బద్ద బద్దగానే ఉంటుంది. వంటవాళ్లు అప్పుడు తినే సోడా వేస్తారు. పప్పు ఉడికినట్టే కనిపిస్తుంది కానీ జిగురుగా, సబ్బు రుచితో ఉంటుంది. శుద్ధిచేసిన నీళ్ల క్యాన్లు తెప్పించండి. అన్నం వార్చడానికి, పప్పుకు, సాంబారుకు, చారుకు కలిపి 170 లీటర్లు పడుతుంది. తాగడానికి మనిషికి లీటరున్నర చొప్పున 180. మొత్తం 20 లీటర్ల క్యాన్లు 18, పైన ఇంకో 5. చేతులు కడగడానికి, గిన్నెలకు, బాత్‌రూములకు బోరు నీళ్లో ఒక ట్యాంకరో చాలు. ఆ లెక్క 1,200 లీటర్ల దాకా తేలుతుంది.

గ్యాసు మాటకొస్తే ఉదయం టిఫిను, మధ్యాహ్న భోజనం కలిపి 19 కిలోల కమర్షియల్ సిలిండర్లు రెండు ఖర్చవుతాయి, మూడోది పక్కన ఉండాలి. ఇంటి సిలిండర్లు ఇలాంటి వంటకు వాడకూడదు. పెద్ద బర్నరు పెడితే అవి పైన మంచుకట్టి మంట తగ్గిపోతాయి కూడా.

వంట ముగిసే వేళను ముహూర్తంతో ముడిపెట్టకండి, మొదటి బంతితో ముడిపెట్టండి. 12 గంటలకు బంతి అయితే కొబ్బరి పచ్చడి 11 తర్వాతే రుబ్బాలి. వండిన పదార్థం చల్లారి, గోరువెచ్చగా ఉండే స్థితిలోనే క్రిములు వేగంగా పెరుగుతాయి. సాంబారు, పప్పు, చారు సన్నని సెగమీద పొగలు కక్కుతూ ఉండాలి. దించి మూతపెట్టి మూడు గంటలు వదిలేయడమే విరేచనాలకు మొదటి కారణం. పెరుగు ముందురోజు రాత్రి 10 గంటల తర్వాత తోడు వేయండి. ఎండాకాలంలో సాయంత్రం ఆరింటికే వేస్తే పెళ్లివేళకు పులిసిపోతుంది.

ప్రశ్న: చిన్న పెళ్లి అనుకున్నాం. ఇప్పుడు ఊళ్లో అందరూ 'మమ్మల్ని పిలవరా' అంటున్నారు. ఎలా? – ఒంగోలు దగ్గర పల్లెటూరి పాఠకురాలు

చిన్న పెళ్లిని పెద్దది చేసేది ఈ మాటే. భోజనానికి టోకెన్లు పెట్టడం మన దగ్గర కుదరదు, అవమానంగా తీసుకుంటారు. పిలుపునే రెండు రకాలుగా చేయండి. బొట్టుపెట్టి కార్డు ఇచ్చేది బంధువులకు, ముహూర్తానికి. ఊరివాళ్లకు 'సాయంత్రం అక్షింతలు వేసి వెళ్లండి' అని నోటిమాట పిలుపు, 5 నుంచి 7 మధ్య. అప్పుడు ఫలహారం చాలు. ఒక స్వీటు, మిరపకాయ బజ్జీ, ఉప్మానో కిచిడీనో, కాఫీ. కుర్చీలు, బల్లలు, కరెంటు ఉదయంవే.

పది రోజుల ముందు ఒకరిని కూర్చోబెట్టి బంధువుల ఇళ్లన్నిటికీ ఫోన్లు చేయించండి. 'వస్తున్నారా' అని అడక్కండి, అందరూ వస్తామనే అంటారు. 'ఎంతమంది వస్తున్నారు, ముందురోజు రాత్రికే వస్తారా' అని అడగండి. అలా అడిగితేనే లెక్క తేలుతుంది.

అయినా 30 మంది ఎక్కువ వస్తారు. దానికి వంట పెంచి పారబోయవద్దు, పచ్చి సరుకు చేతిలో ఉంచండి. 5 కిలోల బియ్యం కడిగి, కిలోన్నర పప్పు నానబెట్టి, ఒక పొయ్యి ఖాళీగా పెట్టుకోండి. రెండో బంతి లేవగానే కుర్చీల్లో ఇంకా ఎంతమంది ఉన్నారో లెక్కేసి అప్పుడు ఎసరు పెట్టమంటే 40 నిమిషాల్లో అన్నం, పప్పు దిగుతాయి. స్వీటును మాత్రం అప్పటికప్పుడు పెంచలేం. అందుకే అది మారు వడ్డించకుండా ఆకుకు ఒకటి చొప్పున, నమ్మకమైన ఒకే మనిషి చేత వేయించాలి.

ప్రశ్న: మా ఇంటికి సింగిల్ ఫేజ్ కరెంటు. ఇంటి మీటరు నుంచే పందిట్లోకి వైరు లాగితే చాలంటున్నాడు లైటింగ్ అబ్బాయి. నిజమేనా? – పొదిలి పాఠకుడు

లోడు కూడి చూద్దాం. నిలువు ఫ్యాన్లు 8, ఒక్కోటి 150 వాట్లు: 1,200. ఎల్‌ఈడీ ఫ్లడ్ లైట్లు 50 వాట్లవి 10: 500. సీరియల్ దండలు 300. మైకుసెట్టు 500. కూలర్లు 4: 800. గ్రైండరు 750, నీళ్ల మోటారు 1,000. వీడియోవాళ్ల లైట్లు కలిపితే 6 కిలోవాట్లు దాటుతుంది. చాలా ఇళ్ల మంజూరు లోడు ఇందులో సగం కూడా ఉండదు. మోటారు స్టార్టయ్యే క్షణంలో మామూలు కరెంటుకు ఐదారు రెట్లు లాగుతుంది, ఫ్యూజు అక్కడే పోతుంది. సరిగ్గా తాళి కట్టే వేళకే ఎవరో ట్యాంకు నింపుదామని మోటారు వేస్తారు!

10 కేవీఏ జనరేటరు మాట్లాడుకోండి, దానిమీద 8 కిలోవాట్ల దాకా నడుస్తుంది. ఇంటి కరెంటును ఇంటివరకే వాడండి. లేదంటే పెళ్లి తేదీకి ముందుగా డిస్కంకు (కరెంటు సరఫరా సంస్థకు) దరఖాస్తు పెట్టి తాత్కాలిక కనెక్షన్ తీసుకోవచ్చు. మీకు ఏపీసీపీడీసీఎల్, నెల్లూరువాళ్లకు ఏపీఎస్పీడీసీఎల్. కనెక్షన్ తీసుకున్నా, కరెంటు పోతే ఆదుకోవడానికి జనరేటరు అవసరమే.

జనరేటరుకు, ఇంటి లైనుకు మధ్య, ఒకసారికి ఒక్కదాన్నే కలిపే చేంజోవర్ స్విచ్ ఉండి తీరాలి. రెండువైపులా పిన్నులున్న వైరుతో ఇంటి సాకెట్లోకి జనరేటరు కరెంటు ఎక్కించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ కరెంటు మీటరు దాటి స్తంభం ఎక్కుతుంది. లైను ఆపుచేసి పనిచేస్తున్న లైన్‌మన్ ప్రాణం పోతుంది. పందిట్లోకి వెళ్లే లైనుకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) పెట్టించండి. ఇనుప పైపుల పందిరికి వైరును బైండింగు తీగతో బిగిస్తే, ఆ తీగ ఇన్సులేషన్‌ను కోసి పందిరి మొత్తానికి కరెంటు వస్తుంది. గుడ్డపీలికతోనో ప్లాస్టిక్ టైతోనో కట్టించాలి. జాయింట్లు నేలమీద ఉండకూడదు, తలకన్నా ఎత్తులో ఉండాలి.

రాత్రి ముహూర్తమైతే ఇంకొక్క మాట. తొలకరి వాన పడిన సాయంత్రం లైటు వేయగానే ఉసిళ్లు ముసురుతాయి. బాగా వెలుగునిచ్చే తెల్ల లైటు ఒకటి మండపానికి 40 అడుగుల దూరాన, వంటకు ఎదురు దిక్కున వేసి, మండపంలో పసుపు రంగు లైట్లు తక్కువ వెలుగుతో ఉంచితే చాలావరకు అటు పోతాయి.

ప్రశ్న: వంట ఆగ్నేయంలోనే పెట్టాలా? కూలర్లు పెట్టినా జిడ్డుగా ఉంటుందేమో? – సింగరాయకొండ పాఠకురాలు

శాస్త్రం ఆగ్నేయం అంటుంది. ఉదయం పడమటి గాలి ఉన్నప్పుడు పొగ బయటికే పోతుంది కాబట్టి ఆ మాట బాగానే కుదురుతుంది. మీది సముద్రం పక్క ఊరు. మధ్యాహ్నం తిరిగాక గాలి సముద్రం మీదినుంచి తిరుగుతుంది, అప్పుడు ఆగ్నేయపు పొగంతా పందిట్లోకే. సాయంత్రం ఫలహారాలు వేయించే బాండీని మాత్రం పందిరికి వాయవ్యంలోకి మార్చుకోండి.

కూలర్ల విషయంలో మీ అనుమానం నిజమే. పొడిగాలి ఉన్న కనిగిరి, పొదిలి వైపు కూలరు బాగా పనిచేస్తుంది. సింగరాయకొండ, కొత్తపట్నం లాంటి చోట్ల గాలిలోనే తేమ నిండి ఉంటుంది, కూలరు ఇంకా తేమ కలుపుతుంది. చెమట ఆరదు. ఆ డబ్బుతో పెద్ద ఫ్యాన్లు తీసుకోండి. హోమం దగ్గర ఫ్యాను ముఖాన పెట్టకండి, పందిరి అంచు నుంచి బయటికి లాగేలా తిప్పండి. చల్లదనం ఇచ్చేది మజ్జిగే. లీటరు పెరుగుకు 4 లీటర్ల నీళ్లు. 120 మందికి రెండేసి గ్లాసులంటే 36 లీటర్లు, అంటే 7 లీటర్ల పెరుగు విడిగా తోడు పెట్టాలి. భోజనం పెరుగులోంచి తీస్తే చివరి బంతికి మిగలదు.

ప్రశ్న: ఇంట్లో మరుగుదొడ్డి ఒక్కటే. 100 మందికి ఎట్లా? – బుచ్చిరెడ్డిపాళెం

30 మందికి ఒకటి చొప్పున చూసుకోండి. ఇరుగుపొరుగు రెండు ఇళ్లు అడిగి, ఆ ఇళ్లవాళ్లకు ముందే పనిమనిషిని, ఫినాయిలును, నీళ్ల డ్రమ్మును ఏర్పాటు చేయండి. లేదా అద్దె మరుగుదొడ్లు తెప్పించండి. ఐదుగురి ఇంటికి కట్టిన సెప్టిక్ ట్యాంకు ఒక్కరోజు నీళ్ల పోటుకు పొంగుతుంది. ఏళ్లుగా తీయించకపోతే పెళ్లికి రెండు వారాల ముందు తీయించండి. వారం లోపల వద్దు, వాసన పోదు. స్నానాలకు ముందురోజు దిగే చుట్టాలను లెక్కలో వేశారా? వాళ్లకు తడికెల స్నానాలగది ఒకటి పెరటి మూలన కట్టించి, ఆ నీళ్లు పందిరివైపు రాకుండా అడుగు లోతు కాలువ తీయించాలి.

ప్రశ్న: పురోహితుడు రాసిన సామాను అంతా తెచ్చాం. ఇంట్లో తయారుచేసుకోవాల్సినవి ఏమిటి? – ఆత్మకూరు

తలంబ్రాలు, జీలకర్ర బెల్లం. తలంబ్రాలకు నూక లేని బియ్యం 3 కిలోలు ఏరి, పసుపు, చెంచాడు నెయ్యి కలిపి నీడన ఆరబెట్టండి. నీళ్లతో తడిపి మూటకడితే రాత్రికి మాగుతాయి. జీలకర్ర బెల్లం ముహూర్తానికి గంట ముందే నూరాలి. 50 గ్రాముల జీలకర్ర అరగంట నానబెట్టి, నీళ్లు పూర్తిగా వంచేసి, అంతే బెల్లంతో రోట్లో నూరండి. మిక్సీలో నీళ్లు పోయక తప్పదు, అప్పుడది తమలపాకు మీద నిలవక నుదుటి మీదికి, కళ్లలోకి కారుతుంది. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండాలి. అదీ పదును. బెల్లం కదా, చీమలు పడతాయి, గిన్నెను నీళ్ల పళ్లెంలో పెట్టండి.

ప్రశ్న: రాత్రి 2 గంటలకు ముహూర్తం. మైకు పెట్టవచ్చా? హాలు రసీదు లేకపోతే పెళ్లి రిజిస్టరు అవుతుందా? – కోవూరు పాఠకుడు

రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట లౌడ్‌స్పీకర్లు వాడకూడదని 2000 నాటి శబ్దకాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. మీ పెరట్లో అయినా అంతే. పెరట్లో కూర్చున్నవాళ్లు వినడానికి పురోహితుడి గొంతు చాలు. మేళం వాళ్లకు గట్టిమేళం క్లుప్తంగా ముగించమని ముందే చెప్పండి.

రిజిస్ట్రేషనుకు హాలుతో పనిలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2002 చట్టం ప్రకారం పెళ్లి నమోదు తప్పనిసరి. శుభలేఖలో పెళ్లి జరిగే చోటుగా మీ ఇంటి చిరునామా డోరు నంబరుతో సహా అచ్చువేయించండి. చాలామంది 'మా స్వగృహమునందు' అని వదిలేసి తర్వాత తిరుగుతారు. ఇద్దరి వయసు, చిరునామా రుజువులు, మాంగల్యధారణ ఫొటో, శుభలేఖ, సాక్షులు కావాలి. అమ్మాయికి 18, అబ్బాయికి 21 నిండి ఉండాలి. ఆధార్‌లో, పదో తరగతి సర్టిఫికెట్‌లో పేర్లు ఒకేలా ఉన్నాయో లేదో శుభలేఖ అచ్చుకు ఇచ్చే ముందే చూసుకోండి, ఆ స్పెల్లింగే కార్డులోనూ రావాలి.

ప్రశ్న: ఎంగిలాకులు ఎక్కడ వేయాలి? – ఉదయగిరి

పందిరికి దూరంగా 4 అడుగుల పొడవు, వెడల్పు, 3 అడుగుల లోతు గొయ్యి ముందురోజే తీయించండి. ఒక్కో బంతి ఆకులు వేయగానే పైన రెండు గంపల మట్టి చల్లితే ఈగలు రావు, కుక్కలు లాగవు. ప్లాస్టిక్ గ్లాసులు, స్పూన్లు 2022 జులై 1 నుంచి నిషేధంలో ఉన్నాయి. కాగితం గ్లాసులకు లోపల ప్లాస్టిక్ పూత ఉంటుంది కాబట్టి అవి ఈ గోతిలో వేయకండి. స్టీలు గ్లాసులు 150 అద్దెకు తెచ్చి, కడగడానికి ఇద్దరిని పెట్టుకోండి. తిరిగిచ్చేటప్పుడు లెక్క తక్కువ వస్తుంది, గోతిలో మట్టి వేసే ముందు ఆకుల్లో ఒకసారి కర్రతో వెతికించండి.